బెంగళూరులో రెండు రోజులు: మంచి క్రాఫ్ట్ బీరు దొరికే చోటును ఎంచుకోవడం ఎలా?

హైదరాబాదు నుంచి, కర్నూలు, అనంతపురం, తిరుపతి వైపు నుంచి శని, ఆదివారాలు గడపడానికి బెంగళూరు వెళ్లేవారిలో అక్కడి బ్రూవరీలను, అంటే చిన్న మొత్తాల్లో క్రాఫ్ట్ బీరు తయారుచేసే చోట్లను, చూడాలన్న ఉత్సాహం ఉన్నవారు చాలామందే ఉంటారు. ఫోన్లో అందంగా కనిపించిన ఆరేడు పేర్లు రాసుకుని, ఒకటి ఊరికి ఈ కొసన, మరొకటి ఆ కొసన ఉన్నా అన్నింటినీ చుట్టి రావాలని బయలుదేరితే, రెండు రోజుల్లో సగం ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది. ఎత్తైన పైకప్పు, నీటి కొలను, దీపాల అలంకరణ చూసి ఎంచుకున్న చోట బీరు కూడా బాగుండాలన్న నియమం ఏమీ లేదు. బీరు కోసమే వెళ్తున్నప్పుడు ముందుగా తెలుసుకోవలసినవి మూడు: అక్కడ బీరు ఎవరు తయారుచేస్తున్నారు, ఈ వారం ట్యాంకుల్లో ఏముంది, అది ఎప్పటిది. ఈ మూడింటికి జవాబు దొరికే చోట్లను రోజుకు రెండు చొప్పున, ఒకే దిక్కున ఉండేలా ఎంచుకుంటే చాలు. రెండు రోజులకు నాలుగు చోట్లు దాటితే నాలుకకు రుచి తెలియదు, మనసుకు ఏదీ గుర్తుండదు.

బెంగళూరుకూ బీరుకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. థామస్ లీష్‌మన్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు ఐదు బ్రూవరీలను కలిపి 1915లో యునైటెడ్ బ్రూవరీస్‌ను స్థాపించాడు. ఆ సంస్థ పాత బ్రూవరీ ఉన్న స్థలంలోనే ఇప్పుడు విఠల్ మాల్యా రోడ్డులోని యూబీ సిటీ అనే వాణిజ్య సముదాయం నిలబడి ఉంది. అయితే తయారైన చోటే కూర్చుని తాగే బీరు నగరానికి వచ్చింది మాత్రం మొన్నమొన్ననే. ఇందిరానగర్‌లో టాయిట్ 2010లోనూ, మాగ్రత్ రోడ్డులో ఆర్బర్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ 2012లోనూ తెరుచుకున్నాయి. ఆ తరువాత వచ్చినవాటి సంఖ్య బాగా పెరగడం వల్లనే నేడు ఎంపిక కష్టమైంది.

ముందు ఒక తేడా గుర్తించాలి. బ్రూపబ్ అంటే అదే ఆవరణలో బీరు తయారుచేసి, ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి పోసే చోటు. అద్దం గోడ వెనుక మెరిసే స్టీలు ట్యాంకులు కనిపిస్తాయి. కొన్ని చోట్ల ఏ ట్యాంకులో ఏ బీరు ఉందో పలక మీద రాసి కూడా ఉంచుతారు. రెండో రకం, ఊరి అంచున పెద్ద బ్రూవరీ పెట్టుకుని, అక్కడే భోజనశాల నడుపుతూ, తమ బీరును కెగ్గులనే లోహపు పీపాల్లో నింపి నగరంలోని ఇతర బార్లకు కూడా పంపే సంస్థలు. ఓల్డ్ మద్రాస్ రోడ్డు వైపున్న గైస్ట్ ఇలాంటిదే. మూడో రకం, సొంతంగా ఏమీ తయారుచేయకుండా, ఇతరుల బీరును ట్యాపుల (కుళాయిల) మీద పోసే బార్లు. వీటిని తక్కువ చేసి చూడనక్కర్లేదు, ఎందుకంటే రెండు మూడు బ్రూవరీల బీరును పక్కపక్కన పెట్టి రుచి చూసే అవకాశం ఇక్కడే దొరుకుతుంది. కాకపోతే కెగ్గు నుంచి ట్యాపు వరకు ఉన్న పైపులను రెండు వారాలకు ఒకసారైనా కడగాలి. కడిగే శ్రద్ధ ఆ బారుదే కనుక, ఎంత మంచి బ్రూవరీ బీరైనా ఇక్కడ పాడయ్యే అవకాశం ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారు శనివారం పూర్తిగా బ్రూపబ్‌లకే కేటాయించడం మంచిదని నా అభిప్రాయం.

తాజాదనం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. వైన్ షాపులో దొరికే సీసా బీరును వేడిచేసి, వడకట్టి, నెలల తరబడి నిలవ ఉండేలా చేస్తారు. బ్రూపబ్ బీరుకు సాధారణంగా ఆ వేడి తగలదు, అందులో దాన్ని పులియబెట్టే ఈస్ట్ ఇంకా సజీవంగానే ఉంటుంది. తెల్లవారగానే దించిన కల్లుకూ మధ్యాహ్నపు కల్లుకూ ఉన్న తేడా తెలిసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. బీరులో ఆ మార్పు గంటల్లో కాక వారాల్లో జరుగుతుంది, అంతే.

ఇక బయలుదేరే ముందే, ఎంచుకోదలచిన చోటు బీర్ల జాబితాను ఫోన్లో తెరిచి శ్రద్ధగా చదవాలి. పేర్లు ఎంత చమత్కారంగా ఉన్నా, వాటి కింద ఏ రకమో, ఆల్కహాల్ శాతం ఎంతో రాసి ఉంటుంది. ఆ రెండు వివరాలు కూడా ఇవ్వని చోటును నేను పక్కన పెడతాను. ఆరు నుంచి ఎనిమిది రకాలు ఉన్న జాబితా చిన్నదని అనుకోవద్దు. ఎక్కువ గిరాకీ లేని చోట పన్నెండు, పదిహేను రకాలు ఉంటే, వాటిలో సగం కదలక ట్యాంకుల్లోనో కెగ్గుల్లోనో మగ్గుతుంటాయి.

జాబితాలో ముందుగా వెతకవలసింది పిల్స్నర్ లేదా మరేదైనా లాగర్. ఇది వినడానికి వింతగా ఉండవచ్చు, ఎందుకంటే మనం ఇన్నాళ్లూ తాగిన సీసా బీరు కూడా లాగరే. కొత్తదేదో రుచి చూద్దామని అంత దూరం వెళ్లి మళ్లీ లాగర్ ఎందుకన్న ప్రశ్న సహజమే. ఏల్ అనే జాతి బీర్లు సుమారు 15 నుంచి 24 డిగ్రీల వేడిలో పులిసి, రెండు మూడు వారాల్లో తాగడానికి సిద్ధమవుతాయి. లాగర్‌కు అంతకంటే చల్లదనం కావాలి. సుమారు 8 నుంచి 13 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులిసి, ఆపైన గడ్డకట్టే చలికి దగ్గరగా వారాల తరబడి నిలవ ఉంటేనే దానికి ఆ శుభ్రమైన రుచి వస్తుంది. అంటే ఒక ట్యాంకు నెల, నెలన్నర పాటు వేరే పనికి దొరకదు. శనివారం వచ్చిందంటే బీరు ఎంతున్నా చాలని చోట ఆ ట్యాంకును అలా వదిలి ఉంచడం ఖరీదైన నిర్ణయం. పైగా 1842లో చెక్ ప్రాంతంలోని పిల్సెన్ పట్టణంలో పుట్టిన పిల్స్నర్ అనే ఈ బంగారు రంగు లాగర్‌లో పండ్లు, మసాలాలు, ఘాటైన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) ఏవీ ఉండవు కనుక, చేతిలో లోపం ఉంటే దాచుకోవడానికి చోటు లేదు. పిల్స్నర్‌ను శుభ్రంగా చేయగలిగిన బ్రూవర్ చేతి మిగతా బీర్లను కూడా నమ్మవచ్చు.

ఆ తరువాత గోధుమ బీర్లు. సీసా బీరు తప్ప మరొకటి ఎరుగనివారు వీటితో మొదలుపెట్టడం ఉత్తమం. జర్మన్ పద్ధతిలో చేసే హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగాల వాసన వస్తుంది. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు, ఆ వాసనలన్నీ దానికి వాడే ప్రత్యేకమైన ఈస్ట్ పుట్టించేవే. ఆర్బర్‌లో బెంగళూర్ బ్లిస్ పేరుతో దొరికేది ఈ రకమే. బెల్జియన్ విట్ మాత్రం వేరు, అందులో నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. బియ్యం కూడా వేసి చేసే టాయిట్‌లోని బాస్మతి బ్లాండ్‌తోనూ మొదలుపెట్టవచ్చు. బియ్యంలోని పిండిపదార్థం దాదాపు పూర్తిగా పులిసిపోతుంది కనుక, బియ్యం చేరిన బీరు ఒంటికి తేలికగా, చివర పొడిగా ఉంటుంది. మన బియ్యాన్ని పేరు కోసం కాక పని కోసం వాడారా లేదా అన్నది ఆ తేలికదనంలో తెలిసిపోతుంది.

ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే చేదైన బీరు విషయంలో మాత్రం తేదీ అడగకుండా తాగవద్దు. దాని ప్రాణమంతా హాప్స్ అనే పూల వాసనలో ఉంది, బీరులో అన్నిటికంటే ముందు ఆవిరయ్యేదీ ఆ వాసనే. ట్యాపు మీదికి ఎక్కి రెండు మూడు వారాలలోపు ఉన్న ఐపీఏ నారింజ, మామిడి, పైన్ జిగురు వాసనలతో ముక్కుపుటాలను తాకుతుంది. పాతబడినదాంట్లో చేదు ఒక్కటే మిగులుతుంది. ఐపీఏ తనకు నచ్చదని తేల్చి చెప్పేవారిలో చాలామంది ఈ మిగిలిన చేదునే తాగి ఉంటారు.

పండ్ల బీర్ల మీద నాకు పట్టింపు ఏమీ లేదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు నిజమైన మామిడి గుజ్జుతో చేసినది దొరికితే తప్పక రుచి చూడవలసిందే. కాఫీ తోటలకు పేరున్న రాష్ట్రపు రాజధాని కనుక, కాఫీ గింజలు వేసిన స్టౌట్ అనే నల్లని బీరు కూడా అక్కడ అడిగి తాగదగినదే. కానీ కాలంతో పని లేకుండా జాబితాలో సగం పండ్ల పేర్లే ఉన్నాయంటే, అక్కడ పళ్లరసం పాకాలు కలుపుతున్నారని అనుమానించడంలో తప్పు లేదు.

చోటు ఎంచుకున్నాక, కూర్చోగానే పెద్ద గ్లాసు చెప్పవద్దు. చాలా బ్రూపబ్‌లలో అన్ని రకాలను చిన్న గ్లాసుల్లో వరుసగా పెట్టి ఇచ్చే శాంప్లర్ ఉంటుంది. లేకపోయినా, ఒకటి రెండు గుక్కలు రుచి చూపించమంటే కాదనేవారు తక్కువ. లేత రంగు, తక్కువ చేదు ఉన్నవాటితో మొదలుపెట్టి, ముదురు రంగు, ఎక్కువ ఘాటు ఉన్నవాటి వైపు వెళ్లాలి. ముందే ఐపీఏ తాగితే ఆ తరువాత గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది. స్టౌట్‌ను మాత్రం తెచ్చిన వెంటనే తాగకుండా పది నిమిషాలు బల్ల మీద వదిలేయాలి, ఎందుకంటే అతి చల్లదనంలో దాని కాఫీ, చాక్లెట్ ఛాయలు బయటికి రావు.

ఇప్పుడు గ్లాసును దగ్గరగా చూద్దాం. బీరు లోపల కిందినుంచి పైకి సన్నని దారాల్లా లేచే బుడగలు మంచివే. గ్లాసు లోపలి గోడకు అంటుకుని కదలకుండా నిలిచిన బుడగలు కనిపిస్తే మాత్రం, అక్కడ జిడ్డో సబ్బో మిగిలి ఉందని అర్థం. శుభ్రమైన గ్లాసులో ప్రతి గుక్కకూ నురగ కిందికి దిగుతూ గోడ మీద తెల్లని వలయాన్ని వదిలి వెళ్తుంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఎన్ని గుక్కల్లో తాగామో ఆ వలయాలను లెక్కపెట్టి చెప్పవచ్చు. పైన రెండు వేళ్ల మందాన నురగ ఉందని, బీరు తక్కువ పోసి మోసం చేశారని మనవాళ్లు గొడవ పడటం నేను చూశాను. అది మోసం కాదు, వాసనను పట్టి ఉంచేదే ఆ నురగ. గోధుమ బీరు నురగ లేకుండా వస్తే గొడవ పడటంలో న్యాయం ఉంది.

తరువాత వాసన. కరిగిన వెన్న వాసన వస్తే, పులిసేటప్పుడు పుట్టిన ఆ పదార్థాన్ని ఈస్ట్ తిరిగి తినేంత సమయం ఇవ్వకుండా తొందరపడి ట్యాంకు దించారని అర్థం. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మరిగించడంలోనో, ఆ తరువాత చల్లార్చడంలోనో లోపం ఉంది. పచ్చి ఆపిల్ వాసన పూర్తిగా తయారుకాని బీరుకు గుర్తు. తడిసిన అట్టపెట్టె వాసన అంటే గాలి తగిలి పాతబడిందని, పుల్లని వెనిగర్ వాసన అంటే పైపుల్లో చెడు సూక్ష్మజీవులు చేరాయని తెలుసుకోవాలి. వీటిలో ఏది తగిలినా గ్లాసు వెనక్కి పంపడానికి మొహమాటపడనక్కర్లేదు. బాగోలేదని ఊరుకోకుండా, వెన్న వాసన వస్తోందని నిర్దిష్టంగా, మర్యాదగా చెబితే, శ్రద్ధ ఉన్న చోట వెంటనే మార్చి ఇస్తారు. కొన్నిసార్లు బ్రూవరే వచ్చి మాట్లాడతారు. ఒక చోటును అంచనా వేయడానికి ఆ మాటల కంటే మంచి కొలమానం నాకు తెలియదు.

ఈ వాసనలకు నాలుకను, ముక్కును సిద్ధం చేసుకోవడానికి బెంగళూరు దాకా ఆగనక్కర్లేదు. హైదరాబాదులో ఉన్నవారు ప్రయాణానికి ముందే జూబ్లీహిల్స్ వైపు ప్రోస్ట్‌లోనో, ఊరి పాత ఎస్టీడీ కోడునే పేరుగా పెట్టుకున్న జీరో ఫార్టీలోనో ఒక హెఫెవైజెన్ రుచి చూసి వెళ్తే, అక్కడ పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

దిక్కుల విషయానికొస్తే, బెంగళూరులో దూరాన్ని కిలోమీటర్లలో కాక మెట్రో లైన్లలో లెక్కించడం నయం. ఉదయం కాచిగూడలో వందేభారత్ ఎక్కితే, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం మీదుగా మధ్యాహ్నానికి యశ్వంతపూర్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్ చేరి, పర్పుల్ లైన్‌కు మారితే ఎంజీ రోడ్డు, ఇందిరానగర్, ఆపైన వైట్‌ఫీల్డ్ అన్నీ ఒకే దారిలో వస్తాయి. వైట్‌ఫీల్డ్ దాకా ఈ లైన్ 2023లో పూర్తయింది కనుక, అంతకుముందు రాసిన సలహాలు చదివి ఆ ప్రాంతాన్ని దూరమని వదిలేయవద్దు. బస కూడా ఈ పర్పుల్ లైన్ మీదే, ఎంజీ రోడ్డుకూ ఇందిరానగర్‌కూ మధ్య ఎక్కడైనా చూసుకోవాలి.

శనివారం నేను సూచించే వరుస ఇది. రెసిడెన్సీ రోడ్డులో 1984 నుంచి ఆంధ్రా భోజనం పెడుతున్న నాగార్జునలో పప్పు, నెయ్యి, పచ్చళ్లతో కడుపునిండా తిని, కొంత విరామం తీసుకుని, నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉన్న ఆర్బర్‌కు సాయంత్రం నాలుగు గంటలకల్లా చేరాలి. అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణపు బ్రూవరీ పేరుతో మొదలైన చోటు ఇది. ఇక్కడి రేజింగ్ ఎలిఫెంట్ ఐపీఏను, దాని తేదీ అడిగి, శాంప్లర్ చివర ఉంచుకోవాలి. ఆ తరువాత ఎంజీ రోడ్డు స్టేషన్లో ఎక్కి, మూడో స్టేషన్ అయిన ఇందిరానగర్‌లో దిగితే టాయిట్ దగ్గరే. శనివారం రాత్రి అక్కడ బయట నిలబడవలసి రావచ్చు కనుక, చీకటి పడకముందే చేరడం మంచిది. ఆదివారం మధ్యాహ్నం విండ్‌మిల్స్‌కు వెళ్లాలనుకునేవారు, అది పుస్తకాల అరలు, జాజ్ సంగీత వేదిక ఉన్న చోటని, కచేరీ ఉన్న వేళ టికెట్టు వేరుగా కొనవలసి రావచ్చని గుర్తుంచుకుని ముందే ఫోన్ చేయాలి.

పదిమంది కలిసి వెళ్తుంటే ఈ లెక్క మారుతుంది. పిల్లాపాపలతో, బంధువులతో వెళ్లేవారికి సర్జాపూర్ రోడ్డులోనూ హెన్నూరులోనూ ఉన్న బిగ్ బ్రూస్కీ లాంటి విశాలమైన ఆవరణలే సౌకర్యం. అక్కడికి మెట్రో అందుబాటులో లేదు కనుక, ఆ రోజుకు ఆ ఒక్క చోటే పెట్టుకోవాలి. మగవాళ్లు మాత్రమే ఉన్న బృందాలను శనివారం రాత్రి కొన్ని చోట్ల లోపలికి పంపరు. ఆ విషయం ముందే అడిగి తెలుసుకుంటే గుమ్మం దగ్గర చిన్నబోవలసిన పని ఉండదు. డీజే మొదలయ్యాక బ్రూవర్‌తోనే కాదు, పక్కవారితో కూడా మాట్లాడలేము. అందువల్ల బీరు తెలుసుకోవాలనే కోరిక ఉన్నవారికి మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు ఉన్న వేళే సరైనది.

తిండి విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. కారం, ఐపీఏ చేదు ఒకదాన్ని ఒకటి రెచ్చగొడతాయి కనుక, ఆంధ్రా చిల్లీ చికెన్, మంగళూరు నెయ్యి రోస్టు లాంటివి చెప్పినప్పుడు గోధుమ బీరు తీసుకోవాలి. ఐపీఏకు వేయించిన చేపలు, ఉప్పగా ఉండే చీజ్ బాగుంటాయి.

కొలత విషయంలో మనవాళ్లు తరచుగా పొరబడతారు. మన వైన్ షాపు భాషలో పింటు అంటే 330 మిల్లీలీటర్ల చిన్న సీసా. బ్రూపబ్‌లో అదే మాటకు ఒక చోట 330, మరో చోట 500 మిల్లీలీటర్లు కావచ్చు కనుక, ఆర్డరు చెప్పే ముందు మిల్లీలీటర్లలోనే అడగాలి. 5 శాతం ఉన్న 500 మిల్లీలీటర్ల బీరులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అదే కొలత 8 శాతం బీరులో అది 31 గ్రాములు దాటుతుంది. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములను మాత్రమే కరిగించుకోగలదు. బెల్జియన్ ట్రిపెల్, ఇంపీరియల్ స్టౌట్ లాంటి బలమైన బీర్లు తియ్యగా, మెత్తగా దిగుతాయి కాబట్టి వాటి బలం వెంటనే తెలియదు. వాటిని చిన్న గ్లాసులోనే తీసుకోవాలి. ప్రతి గ్లాసుకూ మధ్య ఒక గ్లాసు మంచినీళ్లు తాగడం నాలుకకు, మరునాటి ఉదయానికి రెండింటికీ మేలు.

సొంత కారులో వచ్చినవారు దాన్ని హోటల్లోనే వదిలి రావాలి. రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఒక్క పెద్ద గ్లాసుతోనే కొందరు ఆ హద్దుకు చేరుకుంటారు. జరిమానా సంగతి అలా ఉంచినా, తాగి బండి నడిపే హక్కు ఎవరికీ లేదన్న విషయంలో నాకు రెండో మాట లేదు. మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది కనుక, చివరి రైలు వేళ చూసుకునే రెండో చోటులో కూర్చోవాలి. ఇరవయ్యొకటి నిండనివారికి పోయరు. చూడటానికి చిన్నవారిగా కనిపించేవారు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

బిల్లు వచ్చాక రెండు వరుసలు చూడాలి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, తిండికి మాత్రమే జీఎస్టీ పడుతుంది. కాబట్టి మెనూలోని ధరకూ బిల్లుకూ తేడా వస్తుంది. సర్వీస్ ఛార్జి మాత్రం తప్పనిసరి కాదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని నెమ్మదిగా అడగవచ్చు. గ్లాసు మార్చి ఇచ్చిన, తేదీ కనుక్కుని వచ్చి చెప్పిన కుర్రవాడి చేతికి ఆ డబ్బు నేరుగా ఇవ్వడం నాకు ఎక్కువ ఇష్టం.

టికెట్లు తీసుకునే ముందు క్యాలెండరు చూడటం మరవద్దు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో మద్యం అమ్మరు. ఈ సెలవులు వారాంతానికి కలిసి వచ్చినప్పుడే మనం ఎక్కువగా ప్రయాణాలు పెట్టుకుంటాం. ఎన్నికలు జరిగే చోట పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు, ఓట్ల లెక్కింపు రోజు కూడా మూసే ఉంచుతారు.